వాగ్గేయకారుఁడా? కుట్టికారుఁడా? – జానపద గేయసంపుటమునందు ధాతుమాతు విచారము

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకుఁ బోవు మార్గమునందు, రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నమను పురము గలదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబుషాహి (1550–1580) పేరు వహించిన యీ పురమునకు ఆతని కాలమునాఁటి పెద్దచెఱువు ప్రసిద్ధికారణము. ఆ సుల్తానునే తెలుఁగు కవులు మల్కిభరాముఁడని కీర్తించిరి. మలిక్ ఇబ్రహీమను పరభాషానామము తెలుఁగువారి నాలుకపైఁ బడి మల్కిభరామశబ్దమైనది. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాతని కంకితము చేసెను. ఆతని యధికారియగు అమీనుఖానునకుఁ బొన్నికంటి తెలగనార్యుఁడు యయాతిచరిత్రము నంకితమిచ్చి, అచ్చతెలుఁగు కావ్యమునకుఁ దొలిమార్గము వేసెను. తత్సమపదముల యండ లేక తెలుఁగు కావ్యభారమును మోయఁగలదా యను ప్రశ్నకు ఆ కాలమునఁ గవి చెప్పిన సమాధాన మది.

అట్టి ప్రశ్నయే నేఁడు మఱియొక రూపమునఁ బండితుల యెదుట నిలిచియున్నది. పల్లెపాటను గట్టి, తానే పాడి, ధ్వనిముద్రణము మూలమున జనుల కందించు కవి సాహిత్యమునం దేస్థానమున కర్హుఁడు? ఆతని కృతి యనఁగాఁ బుస్తకమున నచ్చుపడిన పంక్తులా, కంఠమున మ్రోగిన పాటయా? ఇది వట్టి వాదముకొఱకైన ప్రశ్న కాదు. శ్రీ గోరటి వెంకన్నగారి ‘వల్లంకి తాళం’ అను గ్రంథమునకుఁ గేంద్ర సాహిత్య అకాడమి 2021వ సంవత్సరపుఁ దెలుఁగు పురస్కారము నిచ్చుటతోఁ బాడుటకై పుట్టిన గేయములు కావ్యపంక్తియందుఁ గూర్చుండినవి. ఇఁక వానిని బాఠముగాఁ జెప్పవలసినవారు బడిపంతుళ్లు; పాఠనిర్ణయము చేయవలసినవారు పరిశోధకులు. కావున లక్షణమేమో తేల్చుకొనుట యవసరము.

వెంకన్నగారు ఇబ్రహీంపట్నమునకు దక్షిణదిశయందున్న నాగరుకర్నూలు జిల్లాలో, తెలకపల్లి మండలమునందలి గౌరారము గ్రామమువారు. ‘రేలపూతలు’, ‘అలచంద్రవంక’ వారి యితర గేయగ్రంథములు. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ అను వారి పాట 2002లో వెలువడిన ‘కుబుసం’ అను చలనచిత్రమునఁ జేరి తెలుఁగునాఁ డంతటను మాఱుమ్రోఁగినది. కుమ్మరివాము, కమ్మరికొలిమి, వడ్రంగిబాడిసె, సాలెమగ్గము ఒకదానివెనుక నొకటి పనిమానిన పల్లెయే యా పాటకు వస్తువు. వారి గానమున బైరాగితత్త్వములు, భజనపాటలు, యక్షగానములు మొదలైనవాని ఛాయలు స్పష్టముగా వినవచ్చును. మాటలు కట్టినవారు, పాడినవారు నొక్కరే యగుట యిచట ముఖ్యవిషయము.

మాటయు బాటయు నొక్కనివే యగునపుడు ఆ కర్తను మన శాస్త్రము వాగ్గేయకారుఁ డనుచున్నది. దేవగిరి యాదవప్రభువగు సింఘణుని యాస్థానమునందు 13వ శతాబ్దమున వెలసిన శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున నీ లక్షణమును సవిస్తరముగాఁ జెప్పెను. వాక్కునకు ‘మాతువు’ అని పేరు. గేయమునకు, అనఁగా స్వరరచనకు, ‘ధాతువు’ అని పేరు. రెంటినిఁ గూర్చువాఁడు వాగ్గేయకారుఁడు. ఆతనికిఁ గావలసిన గుణములలో శబ్దశాస్త్రజ్ఞానము, ఛందోజ్ఞానము, దేశభాషాపరిచయము, లయతాళజ్ఞానము, శ్రావ్యమైన కంఠము మున్నగునవి చెప్పఁబడినవి. ధాతువు నందధికుఁడై మాతువునందు మందుఁడైనవాఁడు మధ్యముఁడు. మాతువు రమ్యమై ధాతువు మందమైనచో నాతఁ డధముఁడు. ఈ తారతమ్యము కవులకుఁ గొంత కష్టముగాఁ దోఁచును. కాని గేయవిషయమున శాస్త్రకారుని దృష్టి స్పష్టము. మాటలెంత సొగసైనవైనను, పాట పాటగా నిలువనిచో నది గేయకృతి కాఁజాలదు.

ఈ తరగతులతోఁబాటు శార్ఙ్గదేవుఁడు ‘కుట్టికారుఁడు’ అను నింకొకనిఁ బేర్కొనెను. అన్యుని ధాతువునందుఁ దన మాతువును బొదుగువాఁడు కుట్టికారుఁడు. ఇచ్చటనే పూర్వపక్షము లేచుచున్నది. జానపదకవి క్రొత్త స్వరరచన చేయుట లేదు గదా! ఊరిలో నదివఱకే యున్న బాణీని దీసికొనును. నాట్లపాట వరుసనో, తత్త్వపు వరుసనో, బతుకమ్మపాట వరుసనో పట్టి తన మాటల నందుఁ గూర్చును. ధాతువు పరకీయము, మాతువు స్వకీయము. కావున నాతఁడు కుట్టికారుఁడే కాని వాగ్గేయకారుఁడు కాఁడు. ఆతని కృతిలో సాహిత్యపరిశీలన కర్హమైనది మాటలభాగ మొక్కటియే. దానిని బుస్తకమునందుఁ జదివినఁ జాలును, పాట వినవలసిన పని లేదు. ఇది పూర్వపక్షవాదము. పైకి శాస్త్రసమ్మతముగానే కనఁబడును. గేయములను బద్యములవలెఁ బఠింపించు పాఠశాలాపద్ధతికి నిదియే మూలాధారము.

దీనికి సమాధానము వ్యాకరణమునందే దొరకును. ధాతుశబ్దము సంగీతమునకును వ్యాకరణమునకును సమానము. పాణినీయధాతుపాఠమున దాదాపు రెండువేల ధాతువులు పది గణములుగాఁ జదువఁబడినవి. వానిని సృజించిన వాఁడెవఁడు? పాణినియుఁ గాఁడు, మఱియొక యాచార్యుఁడును గాఁడు. లోకమునందున్నవానిని శాస్త్రము పట్టికగాఁ జేర్చినది, అంతియే. కాళిదాసు ‘గమ్’ ధాతువునుండి యొక పదమును సాధించి ప్రయోగించినపుడు అది యన్యుని సొత్తని యెవ్వరు నాక్షేపింపలేదు. ధాతువు సర్వసాధారణము, ప్రత్యయము చేర్చి, యుపసర్గము తగిలించి, వాక్యమున సార్థకముగా నిలుపుట కవికృత్యము. కుట్టికారలక్షణమునందలి ‘అన్య’ శబ్దము నిట్లే గ్రహింపవలెను. పేరెఱిఁగిన యొక కర్త రచించిన ధాతువును మఱియొకఁడు గొనినఁ గుట్టికారత్వము సిద్ధించును. కర్త యెవఁడో తెలియని, ఊరంతయుఁ దనదని పాడుకొను బాణీ యన్యధాతువు కాదు; అది సంగీతమునకు ధాతుపాఠము వంటిది. ఆ ధాతుపాఠమునం దా కవియుఁ బుట్టిపెరిగినవాఁడే.

అయినను సాధారణధాతువును గొన్నంతమాత్రమున నెవఁడైనను వాగ్గేయకారుఁ డగునా యని శంక. కాఁడు. ఉపసర్గము ధాత్వర్థమును బలాత్కారముగా నన్యత్ర కొనిపోవునని వైయాకరణులు చెప్పుదురు. ఒక్క ‘హృ’ ధాతువే ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అని భిన్నార్థములఁ బొందుట యందుల కుదాహరణము. బాణీకిని గవి యట్టి యుపసర్గమును జేర్పవలెను. లయను మందగింపఁజేయుట, పల్లవి తిరిగివచ్చు చోటును మార్చుట, ఒకానొక స్వరముపై నిలుచుట, కోరస్సునకు విడువవలసిన తావును నిర్ణయించుట మున్నగునవన్నియు నుపసర్గస్థానీయములు. బతుకమ్మపాటలయందలి ‘ఉయ్యాలో’ యను పల్లవిపదమును జూడుఁడు. దానిపైనే రామాయణకథలు సాగినవి, ఊరిచరిత్రలు సాగినవి, తెలంగాణోద్యమకాలమున రాజకీయగీతములును సాగినవి. బాణీకుటుంబ మొక్కటియే, వినికిడియందలి యర్థము వేఱు. ఈ వేఱుదనమును గల్పింపఁగల కవి వాగ్గేయకారుఁడు. బాణీని మార్చక మాటలను మాత్రము నింపువాఁడు కుట్టికారుఁడు. జానపదకవులలో నిరువురును గలరు. ఎవఁ డెవ్వఁడో తెలియవలెనన్న వినవలసినదే. పుస్తకము చూచి తేల్చుట యసాధ్యము.

పుస్తకము చూచి తేల్చుట యేల యసాధ్యమో యొక చిన్న లెక్కచేఁ దెలియును. ‘చెఱువు నిండె’ అను రెండు పదములు తీసికొనుఁడు. ఛందశ్శాస్త్రరీత్యా లెక్కించినచో ‘చెఱువు’ మూఁడు మాత్రలు, ‘నిండె’ మూఁడు మాత్రలు, వెరసి యాఱు. ఉన్నదున్నట్లు పాడినచో నిది త్ర్యస్రగతి. అడుగులు వడివడిగాఁ బడు ఆటపాట కనువగును. దీనినే కవి ‘చెఱువూ నిండే’ యని తుదియచ్చులను దీర్ఘించి పాడినచో నాలుగు నాలుగు వెరసి యెనిమిది మాత్రలగును. గతి చతురస్రమై, నిదానముగా నడచుచుఁ బాడుకొను పాటయగును. మొదటిది నిండిన చెఱువును జూచి గంతులు వేయువాని మాట. రెండవది యెన్నేండ్లకో నిండినదానిని జూచి నిలిచినవాని మాట. అచ్చులో రెండును ‘చెఱువు నిండె’ యనియే యుండును. అర్థములో నీ భేదమును జేసినది ధాతువే కాని మాతువు కాదు. అచ్చుపుస్తకమును బట్టి వ్యాఖ్య వ్రాయువాఁ డీ రెంటిలో నొకదానిని దెలియక పోఁగొట్టును.

అచ్చులకు హ్రస్వ దీర్ఘ ప్లుతములని మూఁడు కాలములు పాణిని చెప్పెను. కోడికూఁతయందలి క్రమదీర్ఘత దీనికి సంప్రదాయసిద్ధమైన యుపమానము. ప్లుతమునకు మూఁడు మాత్రలు. దూరముననున్నవానిని బిలుచునపుడు వాక్యాంతమునందలి యచ్చు ప్లుతమగునని యాచార్యుఁడు విధించెను. తెలుఁగు లిపిలోఁ బ్లుతమునకు వేఱు గుర్తు లేదు. కావున మన వ్యాకరణములలో దానిని గుఱించిన చర్చయు స్వల్పము. పల్లెపాట యన్ననో ప్లుతముమీఁదనే నడచును. పొలములో నొకగట్టుననున్నవాఁడు వేఱొకగట్టున నున్నవారికి వినఁబడునట్లు పాడిన పాటలకుఁ బిలుపే స్వభావము గదా. పదాంతమునందలి ఓకారములు, ‘రా’, ‘రో’, ‘లో’ యను నక్షరములు పాదపూరణార్థము పడిన వ్యర్థపదములని పండితులు కొందఱు కొట్టివేయుదురు. అవి వ్యర్థములు గావు. దూరాహ్వానమునకై శాస్త్రము విధించిన ప్లుతమునకు దేశీయరూపములు.

‘పల్లె కన్నీరు పెడుతుందో’ అను శీర్షికయందలి తుదియక్షరమే యిందుకుఁ దగిన నిదర్శనము. తెలుఁగున క్రియపైఁ జేరిన ‘ఓ’ సందేహార్థకము. కాగితముమీఁదఁ జదివినవానికి నిది సంశయవాక్యముగాఁ దోఁచును: పల్లె కన్నీరు పెట్టుచున్నదో, లేదో. పాడఁగా విన్నపుడు ఆ ఓకారము సాగి ప్లుతమగును. సంశయము వెనుకకుఁ బోవును, పిలుపు ముందునకు వచ్చును. అడుగుచున్నట్లే యుండి చాటుచున్నది. ఈ సంశయాహ్వానముల కలయికయే యా గీతమునకుఁ బ్రాణము. అది మాతువునం దొక్కచోటను లేదు, ధాతువునం దొక్కచోటను లేదు, రెండును గూడినచోటఁ బుట్టినది. కవి రెంటికిని గర్త కాకున్న నీ కలయిక దైవవశమునఁ గుదురవలసినదే కాని బుద్ధిపూర్వకముగాఁ గుదురదు.

ఇఁక గ్రామ్యప్రయోగములమాట. బాలవ్యాకరణము (1855) ననుసరించు పండితునకు ‘పెడుతుంది’ యను రూపము సాధువు గాదు, ‘పెట్టుచున్నది’ యనవలెను. పాఠ్యపుస్తకమునం దొకపాటను జేర్చునపుడు ఇట్టి రూపములను సవరింపవలెనని కొందఱకు సద్బుద్ధితోనే తోఁపవచ్చును. సవరణఫల మేమో చూడవలెను. ‘పెడుతుందో’ యనునది యాఱు మాత్రలు. ‘పెట్టుచున్నదో’ యనునది యెనిమిది. రెండు మాత్రలు పెరిగినవి, తాళము తప్పినది, పాట నిలిచిపోయినది. శబ్దమును సాధువు చేయఁబోయి కృతి నసాధువు చేసినట్లయినది. మాతువును దాఁకినవాఁడు ధాతువును గూడ దాఁకినవాఁడే యగు ననుటకు నింతకంటె నిదర్శన మక్కఱలేదు.

గ్రామ్యత్వ మాలంకారికమతమున దోషమే. కాని దోషములు నిత్యములు ననిత్యములు నని రెండువిధములనియు, అనుకరణమునందు దోషములన్నియు దోషత్వమును విడుచుననియు మమ్మటాదులు చెప్పియున్నారు. పల్లెయే వక్తగా నున్న గేయమునఁ బల్లెమాట యనుకరణము గాదు, వక్తృస్వభావము. కావున దోషశంకయే లేదు. తెలుఁగుకవులకు నీ వివేకము క్రొత్తది గాదు. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున జనులు పాడుకొను తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వాలేశుపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మున్నగువానిని వరుసగాఁ బేర్కొనెను. ఆ పదముల పేళ్లు నేఁటికి నిలిచినవి. వాని బాణీలు సోమనాథుని చెవిలో నెట్లు మ్రోగెనో తెలియుమార్గము లేదు.

మాతువున కుపయోగమే లేదనుట యిచటి యభిప్రాయము గాదు. నిఘంటుకారునకు నీ గేయములు గనులవంటివి. వాము, కొలిమి, బాడిసె, మగ్గము మున్నగు పదములు వృత్తులతోఁ బుట్టినవి. వృత్తి నిలిచిపోయినచో వాడుక యంతరించును. ఆంధ్రసాహిత్యపరిషత్తు సూర్యరాయాంధ్రనిఘంటువును నిర్మించినపుడు ముఖ్యముగాఁ గావ్యప్రయోగముల నాధారము చేసికొనినది. తరువాత నాంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయవృత్తిపదములను సేకరించి 1962లో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించిరి; 1971లోఁ జేనేతపదముల సంపుటము వచ్చినది. కోశమునఁ బదము రూపార్థములతో నిలుచును. గేయమున నదే పదము, దానిని వాడినవాని గొంతుతో, ఆ వృత్తి పోయిన దుఃఖముతో నిలుచును. ఇబ్రహీంపట్నపు పరిసరములనే చూడవచ్చును. ఆదిబట్లలో విమానభాగములఁ జేయు కర్మాగారములు వెలసినవి. కొంగరకలానులో జిల్లా కలెక్టరు కార్యాలయభవన సముదాయము 2022లోఁ బ్రారంభమైనది. నగరము పెరిగినకొలఁది వ్యవసాయపదములు, కులవృత్తిపదములు పిల్లల నోట నరుదగుట సహజము. ఆ పదములను బాటయం దెఱిఁగిన బాలునకు వానియర్థమును జెప్పుట పంతులునకు సులభము.

మాతువును గాపాడి ధాతువును బోఁగొట్టుకొనినచో నేమగునో తెలుఁగువారికిఁ బూర్వానుభవము గలదు. తాళ్లపాక యన్నమాచార్యుఁడు (1408–1503) ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రసిద్ధి. ఆయన కుమారుఁడు, మనుమఁడు వానిని రాగిఱేకులపైఁ జెక్కించి తిరుమల సంకీర్తనభాండారమున భద్రపఱచిరి. పితృకృతులను గాపాడుకొనుటకై తెలుఁగుదేశమునఁ జేయఁబడిన ప్రయత్నములలో నింతకంటె గొప్పది లేదు. నాలుగువందల యేండ్ల తరువాత 20వ శతాబ్దమున ఱేకులు వెలికివచ్చి, వేలకొలఁది కీర్తనలు లభించినవి. మాటలు చెక్కుచెదరలేదు. ఱేకులమీఁదఁ గీర్తనకుఁ బైన రాగనామము గలదు, స్వరము లేదు. అన్నమయ్య పాడిన బాణీ యేదియో యెవ్వరికిని దెలియదు. రాళ్లపల్లి యనంతకృష్ణశర్మగారు మొదలగు విద్వాంసులు క్రొత్తగా స్వరములు కూర్చుటచేతనే యవి నేఁడు పాడఁబడుచున్నవి. శార్ఙ్గదేవుని పరిభాషలోఁ జెప్పవలెనన్న, మహావాగ్గేయకారుఁడైన యన్నమయ్య కాలవశమున మనకు మాతుకారుఁడుగా మాత్రమే మిగిలెను. రాగి కూడ ధాతువే యని కోశములు చెప్పును. ఆ ధాతువునం దీ ధాతువు నిలువలేదు.

ఆ కాలమున వేఱు సాధనము లేదు. ఇప్పుడు గలదు. 1902లోఁ గలకత్తాయందు గౌహర్ జాన్ గానము ముద్రింపఁబడినది మొదలుగా భారతదేశమున గ్రామఫోను పలకలు వ్యాపించినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు నా పలక యొక్కొకవైపునఁ బాట కుండిన కాలము మూఁడు నాలుగు నిమిషములు. పెద్దకృతి కనేకపలకలు కావలసివచ్చెను. వానిని బుస్తకమువలెఁ గుట్టిన సంచులలోఁ బెట్టి యమ్మిరి. అట్టి పుస్తకమునకే ఆల్బమని పేరు. లాటినుభాషలో నా శబ్దమునకుఁ దెల్లనిదని మూలార్థము. ప్రకటనలు వ్రాయు తెల్లపలకకు మొదట వాడిరి. పలకలు పోయి, కాసెట్టులు వచ్చి, కాసెట్టులు పోయి, కాంపాక్టు డిస్కులు వచ్చి, యవియుఁ బోవుచున్నను, ఒకకవి పాటల సమూహమున కాల్బమను పేరు నిలిచినది. దానిని గేయసంపుటమనుట తెలుఁగున సమంజసము. సంపుటమనఁగా మూఁతగల పెట్టె గదా. ధాతువును మాతువును నొక్కచో మూసియుంచు పెట్టె యని యర్థము చెప్పుకొనవచ్చును.

ఈ పెట్టెకును జెద తగులును. 1963లో వెలువడిన కాసెట్టు భారతదేశమున 1980 తరువాతఁ బల్లెపల్లెకుఁ జేరి, జానపదకవులకు స్వతంత్రముగాఁ బాటలు వెలువరించు నవకాశము నిచ్చినది. కాని దాని పట్టీపై నయస్కాంతధర్మముగల యినుపపొడి జిగురుతో నతుకఁబడియుండును; వేఁడికిని దేమకును ఆ జిగురు చెడును, పొడి రాలును, ధ్వని మాసిపోవును. తాళపత్రమునకు నాలుగైదువందల యేండ్లాయువు గలదు. కాసెట్టున కందు పదియవవంతయినను నమ్మకము లేదు. గద్దరుగా ప్రసిద్ధుఁడైన గుమ్మడి విఠల్‌రావు 2023లోను, అందెశ్రీ 2025లోను దివంగతులైరి. అందెశ్రీ రచించిన ‘జయ జయహే తెలంగాణ’ 2024 జూను 2వ తేదీన రాష్ట్రగీతముగా నావిష్కరింపఁబడినపుడు ఎం. ఎం. కీరవాణిగారు దానికి సంగీతము కూర్చిరి. క్రొత్తసంగీతము తప్పని చెప్పుటకుఁ గాదు. ఉద్యమకాలమున సభలలోఁ గవియే పాడిన విధమును, రాష్ట్రగీతముగాఁ బాడఁబడు విధమును భావిపరిశోధకుఁడు పోల్చి చూడఁగోరును. మొదటిదాని ధ్వని నిలిచియున్ననే యది సాధ్యము.

బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయములపైఁ బరిశోధించి, 1958లోఁ దెలుఁగు జానపదగేయసాహిత్యమను గ్రంథమును బ్రకటించి, యీ వాఙ్మయమునకుఁ బండితలోకమున నాసనము వేసిరి. ఆ పీఠముపైఁ బాటను సగముగాఁ గాక నిండుగాఁ గూర్చుండఁబెట్టుట తరువాతివారి వంతు. అందులకుఁ గావలసిన నియమములు కష్టతరములు గావు. గేయమును వ్రాసికొనునపుడు సాధురూపములకు మార్పక, పాడినది పాడినట్లు, దీర్ఘప్లుతములతో వ్రాయవలెను. ప్లుతమునకుఁ బ్రాచీనులు వాడిన మూఁడంకె గుర్తు చాలును. గతి త్ర్యస్రమో చతురస్రమో ఖండమో మిశ్రమో పైన సూచింపవలెను. ఏయూర, ఏతేదిని, ఎవరు పాడఁగా, ఏ సందర్భమున ముద్రించిరో ధ్వనితోఁబాటు లిఖింపవలెను. ఒకే కవి వేర్వేఱు సభలలోఁ బాడిన భేదములను దప్పులని తలఁపక పాఠాంతరములుగాఁ జేర్పవలెను. బ్రౌను తాళపత్రప్రతులను దెప్పించి, వ్రాయించి, పోల్పించినట్లే, ధ్వనిప్రతులను నొకచోటఁ గాక పలుచోట్ల నుంచి, సాధనము మాఱినపుడెల్ల క్రొత్తసాధనమునకుఁ బ్రతియెత్తింపవలెను.

బడిపంతులు చేయవలసినది యింకను సులభము. గేయపాఠమును బద్యమువలె జదివించి ప్రతిపదార్థమునకుఁ బూనుకొనక, మొదట సంపుటమును వినిపింపవలెను. పిమ్మట బాలురచేఁ జప్పట్లతో మాత్రలు లెక్కింపింపవలెను. అచ్చులోని మాత్రలకును గొంతులోని మాత్రలకును భేదము వచ్చినచోట నాగి, ఆ భేద మేల వచ్చినదో యడుగవలెను. ఛందస్సు, ప్లుతము, సందేహార్థకమైన ఓకారము, గ్రామ్యసాధువివేకము అను నాలుగు వ్యాకరణవిషయములు ఆ యొక్కప్రశ్నలోనే బోధపడును. తమ యింటనే పాడుకొను వరుస పాఠములో వినవచ్చినపుడు దానిని జెప్పువాఁడు విద్యార్థియే యగును, వినువాఁడు గురువగును.

నిర్ణయ మిట్లు తేలుచున్నది. ఊరిబాణీ నాధారముగాఁ గొని, దానికిఁ దన యుపసర్గమును జేర్చి, మాతువును దానితో విడఁదీయరానట్లు కూర్చి, తానే పాడు కవి వాగ్గేయకారుఁడే. ఆతని కృతి గేయసంపుటము. పుస్తకము దాని కనుబంధము. ప్రత్యయములను మాత్రమే వ్రాసియుంచి ధాతువును మఱచిన వ్యాకరణము పదమును సాధింపలేదు. అట్లే మాటలను మాత్రమే దాఁచిన గ్రంథాలయము పాటను దాఁచినట్లు కాదు.